ముట్టుకోకూడని గోడలు

నాకు రూల్సంటే భక్తి. దేవుడి మీద కూడా అంత లేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఎర్రదీపం దగ్గర పావుగంట ఆగిపోయాను. అది చెడిపోయిందని వెనక ట్రక్కులో ఆయన దిగివచ్చి చెబితే తప్ప కదల్లేదు. గడ్డి మీద నడవొద్దని బోర్డు కనిపిస్తే వీధంతా చుట్టి వెళ్ళేవాణ్ని. మనవాళ్ళని ఎవరూ ఒక్క మాట అనకూడదని నా తాపత్రయం. నన్నెవరూ అడక్కపోయినా దేశం పరువంతా నా నెత్తి మీదే ఉన్నట్టు తిరిగేవాణ్ని. ఆ పరువు కోసమే ఒకరోజు నా ఎనిమిదేళ్ళ కూతురి చేతులు రెండూ బిగించి పట్టుకుని, గోడ తాకనివ్వకుండా, కొండలోపలి చీకటి దారిలో నడిపించాను.

అవి డెబ్బైల చివరి రోజులు. మేం మిషిగన్‌లో ఉండేవాళ్ళం, నోవై దగ్గర. ఇప్పుడంటే ఆ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా మనవాళ్ళే. అప్పుడు సగం మొక్కజొన్న చేలు. నేను ఆస్పత్రిలో మత్తు డాక్టరుని. మనుషుల్ని నిద్రపుచ్చి, పనయ్యాక మళ్ళీ లేపడం నా ఉద్యోగం. నాతో పనిచేసే నర్సు ఒకావిడ కొలరాడో కొండల్లో ఒక గుహ చూసొచ్చి, ఆ ఫోటోలు భోజనాల గదిలో పంచిపెట్టింది. కప్పు నుంచి వేలాడే రాళ్ళు, నేల మీంచి లేచిన రాళ్ళు, రంగురంగుల దీపాలు. మా అమ్మాయికి సెలవులు. ఐస్ పెట్టెలో పులిహోర, పెరుగన్నం సర్దుకుని, స్టేషన్ వాగన్ వెనకసీటు మడిచి దాని మీద బొంత పరిచి, ముగ్గురం బయలుదేరాం.

ముగ్గురమంటే నేను, నా భార్య, మా అమ్మాయి. నా భార్య మా అక్క కూతురు. ఆమె పుట్టేనాటికి నాకు ఐదేళ్ళు. ఉయ్యాల్లో వేసిన రోజున మా అక్క నన్ను పిలిచి, "ఇదిగోరా, నీ పెళ్ళాం, చూసుకో" అందిట. నేను సిగ్గుపడి పెరట్లోకి పారిపోయానట. మనవైపు ఇది మామూలు సంగతే. పెళ్ళయ్యేదాకా నన్ను మావయ్యా అనేది. పెళ్ళయ్యాక మా అక్క పోరు పడలేక "ఏమండీ" అలవాటు చేసుకుంది. కంగారొస్తే మాత్రం మళ్ళీ మావయ్యనే. ఆస్పత్రిలో మా చుట్టరికం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎలా చూస్తారో నాకు తెలుసు.

మూడో రోజు మధ్యాహ్నానికి కొండల్లోకి చేరాం. జూలై నెలలో శిఖరాల మీద మంచు. గుహ నోరు కొండకి సగం ఎత్తులో ఉంది. పైన్ చెట్ల మధ్య నుంచి మెలికలు తిరిగే కాలిబాట తప్ప వేరే దారి లేదు. ఆ ఎత్తులో గాలి పలచన. పది అడుగులకోసారి ఆగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ రొప్పాను. మా అమ్మాయి మాత్రం మేకపిల్లలా దూకుతూ ముందుకెళ్ళింది. ఎండలో దానికి ఏ ఇబ్బందీ లేదు. చెట్ల నీడ చిక్కబడ్డ చోటల్లా మాత్రం ఆగిపోయి, మేం వచ్చాక తల్లి కొంగు పట్టుకుని నడిచేది. చీరకట్టుతో కొండెక్కే మనిషిని చూసి దిగేవాళ్ళు నవ్వుతూ హలో చెబుతున్నారు.

అలా ఒకచోట ఆగినప్పుడు నా భార్య మెల్లిగా అంది: "మావయ్యా, దీని నడక చూశారా? సాయంత్రమైతే అమ్మమ్మ ఇలాగే నడిచేది. అచ్చం ఇలాగే, కాలుతో నేల తడుముకుంటూ."

అమ్మమ్మ అంటే మా అమ్మ. దీపాలు పెట్టే వేళ దాటితే ఆమె గడప దాటేది కాదు. తప్పనిసరై వెళ్ళాల్సివస్తే పక్కన ఒక మనిషి ఉండాలి. ఎక్కువగా ఆ మనిషి నా భార్యే. చిన్నప్పుడు ప్రతి సాయంత్రం అమ్మమ్మని చెయ్యి పట్టుకుని పక్కింటికీ, భజనకీ తీసుకెళ్ళింది. రేచీకటి అనేవారు. పొన్నగంటి కూర, మునగాకు వండి పెట్టేవారు.

నాకు ముక్కుమీద కోపం. ఆ కోపంలో భయం ఎంత ఉందో ఆవేళ నేను లెక్కలోకి తీసుకోలేదు. "పిచ్చి మాటలు మాట్లాడకు. అది విటమిన్ లోపం. ఇక్కడ పాలల్లోనే విటమిన్లు కలిపి ఇస్తున్నారు. దీనికెందుకొస్తుంది?" అన్నాను.

"అయితే భయమేమోనండీ. మొన్న ఉప్పూ మిరపకాయలతో దిష్టి కూడా తీశాను."

"తీసింది చాల్లే, పద."

ఆమె పిల్ల వెనకాలే నడిచింది. నేను డాక్టరుని, నా మాట మీద ఆమెకి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎన్నిసార్లు వాడుకున్నానో చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

నిజానికి మా ఇంట్లో హాలు గోడ మీద, ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి అందే ఎత్తులో, పడగ్గది దాకా ఒక మురికి చార ఉండేది. నా భార్య వారం వారం సబ్బుతో తుడిచేది. నేను వారం వారం పిల్లని కేకలేసేవాణ్ని. సినిమా హాల్లో మధ్యలో లేవమంటే ఏడ్చేది. హాలోవీన్ నాడు పిల్లలందరూ మిఠాయి సంచులతో వీధులు తిరుగుతుంటే, అది రెండో ఇంటి నుంచే కడుపునొప్పని తిరిగొచ్చేసేది. పిరికిపిల్ల అని నలుగురిలో నవ్వాను కూడా.

గుహ ద్వారం దగ్గర మా గైడు నిలబడి ఉంది. కాలేజీలో చదువుతూ వేసవికి పనిచేస్తున్న అమ్మాయి. చెంపల నిండా మచ్చలు, తల మీద వెడల్పాటి టోపీ. పాతికమందిని లెక్కపెట్టుకుని, లోపలికెళ్ళే ముందు ఒకటే ఒక్క రూలు చెప్పింది. ఏ రాయినీ, ఏ గోడనీ ముట్టుకోవద్దు. మన చేతి జిడ్డు ఒక్కసారి అంటితే ఆ రాయి మీద నీళ్ళు నిలవవు, అది పెరగడం ఆగిపోతుంది, వందల ఏళ్ళుగా పెరుగుతున్న రాయి మీ ఒక్క వేలితో చచ్చిపోతుంది అంది. నేను బుద్ధిగా తలూపాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను కూడా.

లోపల చలి. ఎక్కడో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. గైడు ఒక్కో మలుపు దగ్గర మీట నొక్కుతుంటే ముందున్న దీపాలు వెలిగి, వెనకవి ఆరిపోయేవి. ఆ దీపాలూ రాళ్ళ వెనక దాచినవే. అంతా మసక మసకగా ఉంది. అందరూ కప్పు కేసి చూస్తూ నోళ్ళు తెరుస్తున్నారు. మా అమ్మాయి ఎటూ చూడకుండా, తల వంచుకుని, కుడిచెయ్యి గోడకి ఆనించి నడుస్తోంది. ఆ గోడ మీంచి పాలమీగడలా తెల్లటి రాయి మడతలు మడతలుగా జారి ఉంది. దాని వేళ్ళు సరిగ్గా ఆ మడతల మీదే.

"హనీ, ప్లీజ్ డోంట్ టచ్ ద వాల్" అంది గైడు, కోపం లేకుండానే.

పాతికమందీ వెనక్కి తిరిగి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "చెయ్యి తియ్యి" అన్నాను తెలుగులో, పళ్ళ బిగువున. తీసింది. నాలుగడుగులు వేసిందో లేదో మెట్టు తట్టుకుని ముందుకి తూలి, మళ్ళీ గోడ పట్టుకుంది. గైడు ఈసారి నన్ను చూసింది. "సర్, మీ పాపని కొంచెం చూసుకుంటారా?" అంది.

అంతే. నేను వెనక నుంచి దాని మణికట్లు రెండూ పట్టుకున్నాను. గుంజుకోబోయింది. ఇంకా బిగించాను. పోలీసువాడు దొంగని తీసుకెళ్ళినట్టు నా ముందు నడిపించాను. "డాడీ, ఐ నీడ్ మై హాండ్స్" అని గొణిగింది. ఆ మాట నాకు వినబడింది. విని ఊరుకున్నాను. చేతులెందుకో అడగలేదు. "షటప్ అండ్ వాక్" అన్నాను. నా భార్య వెనక నుంచి "వదిలేయండీ, నేను పట్టుకుంటాను" అంటే, "నీ గారాబం వల్లే ఇలా తయారైంది" అని ఆమె మీదా విసుక్కున్నాను. ఆ మణికట్ల సన్నదనం నా గుప్పిళ్ళలో ఇప్పటికీ ఉంది.

గుహ చివర పెద్ద గది. అందరినీ గుండ్రంగా నిలబెట్టి గైడు అంది: ఇప్పుడు దీపాలన్నీ ఆర్పేస్తాను, భూమ్మీద ఇంత చీకటి మీరు ఎక్కడా చూసి ఉండరు, మీ చెయ్యి మీ ముక్కు ముందు పెట్టుకుని చూడండి, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. ప్రతి గుహలోనూ ఇలా చేస్తారని నాకు తర్వాత తెలిసింది. మీట నొక్కిన చప్పుడు వినబడింది. చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. పక్కనెవరో కంగారుగా నవ్వారు. నేను అమ్మాయి మణికట్లు వదిలేశాను. ముట్టుకుందామన్నా అక్కడ గోడ లేదు కదా అని.

నిమిషమయ్యాక అగ్గిపుల్ల గీసిన చప్పుడు, గంధకం వాసన. గైడు చేతిలో కొవ్వొత్తి వెలిగింది. పూర్వం ఈ గుహని కనుక్కున్నవాళ్ళు ఈపాటి వెలుగులోనే తిరిగారు అంటోంది. "ఆహ్" అని అందరి నోటా ఒకేసారి వచ్చింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళకి పచ్చగా కనిపిస్తున్నాయి. కొవ్వొత్తి మాకు ఆరేడు అడుగుల దూరంలో ఉంది. నేను నవ్వుతూ నా కూతురి వైపు చూశాను. అది గైడు చెప్పినట్టే ముక్కు ముందు అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు బాగా విప్పి, ఓపిగ్గా నిలబడి ఉంది. తల కొవ్వొత్తి వైపు లేదు.

"డాడీ, దీపాలు ఎప్పుడు వేస్తారు?" అంది.

తెలుగులో అంది. నా భార్య గుంపుకి అవతలి పక్కన ఉంది. మా పక్కనున్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు. చిన్నపిల్ల ఏదో ముద్దుమాట అందనుకుని పక్కనున్న ముసలావిడ నవ్వింది. నేను నా చెయ్యి దాని కళ్ళ ముందు ఆడించాను. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరగా ఆడించాను. అప్పుడూ పడలేదు.

"ఇప్పుడే వేస్తారు తల్లీ" అన్నాను.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా అమ్మని కంటి వార్డుకి తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకి పగలు కూడా చూపు మందగిస్తోంది. ఇంట్లోవాళ్ళు శుక్లాలనుకున్నారు. మా ప్రొఫెసర్ ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసి, పరికరం నా చేతికిచ్చి నన్నూ చూడమన్నారు. కంటి వెనక పొర అంచుల నిండా నల్లటి మచ్చలు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది. రెటీనైటిస్ పిగ్మెంటోసా. ఆ పొర అంచుల నుంచి లోపలికి మెల్లగా చచ్చిపోతూ వస్తుంది. మందు లేదు. ఆకుకూరలకీ దీనికీ సంబంధం లేదు. ఆయన నన్ను వరండాలోకి పిలిచి, "మీ ఇంట్లో మేనరికాలున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను, మా అమ్మ తల్లిదండ్రులదే మేనరికం. "రక్తంలో దాక్కుని వచ్చే జబ్బు ఇది. ఇద్దరి వైపు నుంచీ వస్తే బయటపడుతుంది. ఇకమీదట మీ ఇంట్లో దగ్గర సంబంధాలు చేసుకోకండి" అన్నారు.

నా పెళ్ళికి అప్పటికి ఆరు నెలల టైముంది.

అమ్మకి మందు చుక్కలేవో ఇచ్చి బస్సెక్కించాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా వంశంలో ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు కావనీ, మా అక్క మాట పోతుందనీ, నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజమే గాని అసలు కారణం అది కాదు. ఆ పిల్లంటే నాకు ఇష్టం. పరికిణీ ఓణీలో గుమ్మం దగ్గర నిలబడి "మావయ్యొచ్చాడే" అని లోపలికి కేకేసే ఆ పిల్లని వేరే ఎవరికో ఇచ్చి చేస్తారన్న ఊహే నేను భరించలేకపోయాను. చదువుకున్నవాణ్ని కదా, వస్తే రావచ్చు, రాకపోతే లేదు, మనకే ఎందుకు రావాలి అని సర్దిచెప్పుకున్నాను.

గైడు దీపాలు వేసింది. తిరుగు దారిలో ద్వారానికి కాస్త ఇవతల, నడుమెత్తున ఒక రాయి ఉంది. వచ్చేపోయేవాళ్ళ చేతులు పడీ పడీ నల్లగా నున్నగా అయిపోయింది. "ఇది ఎలాగూ చచ్చిపోయింది. ముట్టుకోవాలని ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోవచ్చు" అంది గైడు నవ్వుతూ. అందరూ ఒక వేలితో తాకి వెళ్ళిపోయారు. మా అమ్మాయి రెండు చేతులూ ఆనించి, దాన్ని పైనుంచి కిందకి, కిందనుంచి పైకి తడిమింది. "సో దిస్ ఈజ్ హౌ దే లుక్" అంది. అందరూ బయటికెళ్ళిపోయినా కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆ గుహలో అది నిజంగా చూసింది ఆ ఒక్క రాయినే. దాన్ని తొందరపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

బయట ఎండ. మళ్ళీ మేకపిల్ల అయిపోయి కిందకి పరుగెత్తింది. నా భార్య నా మొహం చూసి, "ఏమైందండీ, అలా ఉన్నారు?" అంది. ఎత్తు పడలేదన్నాను.

మిషిగన్ తిరిగొచ్చాక పెద్ద కంటి డాక్టరుకి చూపించాం. ఆయన పిల్ల కళ్ళలో చుక్కలేసి, పెద్ద గిన్నెలాంటి యంత్రంలో చిన్న చిన్న వెలుతురు చుక్కలు చూపిస్తూ పరీక్ష చేసి, నాకు తెలిసిన పేరే చెప్పాడు. తర్వాత కాగితం చూస్తూ మామూలుగా అడిగాడు, మీరిద్దరూ పెళ్ళికి ముందు బంధువులా అని. నేను గొంతు సవరించుకునేలోపు నా భార్య చెప్పేసింది. "యెస్, హి ఈజ్ మై మదర్స్ బ్రదర్" అంది, ఇందులో దాచుకోవాల్సిందేముందన్నట్టు. ఆయన కలం ఆగిపోయింది. అది చూసి ఆమె మెడ దాకా ఎర్రబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా చుట్టరికానికి ఆమె సిగ్గుపడ్డం అదే మొదటిసారి.

"కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా?"

"మా గ్రాండ్‌మదర్‌కి నైట్ బ్లైండ్‌నెస్ ఉండేది" అంది ఆమె.

"ఎవరూ పరీక్ష చెయ్యలేదు. విటమిన్ లోపమనుకున్నాం" అన్నాను నేను. నోట్లోంచి అంత సులువుగా వచ్చేసింది.

కారులో కూర్చున్నాక ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆ రోజుల్లో ఎవరికి తెలుసు మావయ్యా. తెలిస్తే చేసుకునేవాళ్ళమా?" అని, ఏడుస్తూనే, నన్నే ఓదార్చింది. చెప్పాల్సిన క్షణం అదే. కారు స్టార్ట్ చేశాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను చేయగలిగింది ఏమీ లేదు. వైద్య పత్రికలు తెప్పించుకున్నాను, పెద్ద పెద్దవాళ్ళకి ఉత్తరాలు రాశాను. అందరూ మర్యాదగా జవాబిచ్చారు, ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆపరేషన్ గదిలో ఎంతమందినో మత్తులోంచి వెనక్కి తెచ్చేవాణ్ని, ఇంటికొచ్చి నా పిల్ల చూపు ఏడాదికింత ఇరుకవుతుంటే కొలిచి రాసుకునేవాణ్ని. ముందు పక్కనున్న కుర్చీలు కనబడ్డం మానేశాయి. తర్వాత మెట్లు. పదహారేళ్ళొచ్చేసరికి దాని స్నేహితులందరూ డ్రైవింగ్ లైసెన్సులు తెచ్చుకుని హారన్లు కొట్టుకుంటూ మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు. అది లైసెన్స్ కాగితాలు తెచ్చుకుని, పేరు మాత్రం రాసి, సొరుగులో పెట్టుకుంది. హాలు గోడ మీద చార మాత్రం పెరుగుతూ వచ్చింది. దాన్ని ఎవరం తుడవడం లేదు.

పదిహేడో ఏట బయాలజీ క్లాసులో వంశవృక్షం గీయమన్నారట. ఆడవాళ్ళకి సున్నాలు, మగవాళ్ళకి చదరాలు, జబ్బున్నవాళ్ళకి నలుపు, దగ్గర సంబంధాలకి జంట గీత. వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరుచుకుని, దాని మీదకి ముక్కు ఆనేలా వంగి గీసింది. మొదట నవ్వుకుంది కూడా. "అమ్మమ్మే నాకు మేనత్త. ఒకే మనిషిని రెండు చోట్ల ఎలా గీయాలి డాడీ?" అంది. మా అమ్మ సున్నాకి నలుపు వేసింది. తన సున్నాకి నలుపు వేసింది. మధ్యలో నాకూ వాళ్ళమ్మకీ జంట గీత గీసి, పెన్సిల్ పక్కన పెట్టి, నేను కూర్చున్న వైపు తల తిప్పింది.

"నువ్వు డాక్టర్ కదా. నానమ్మది నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏవో రాసుకుంటూ కూర్చున్నావు, అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

మళ్ళీ అడగలేదు. ఆ వేసవిలో ఎక్కడికెళ్దామంటే మాత్రం ఆ గుహకే వెళ్దామంది. "ఇంకా కొంచెం కనబడుతోంది కదా. అప్పుడు సరిగ్గా చూడలేదు" అంది.

అదే కొండ, అదే కాలిబాట. ఈసారి మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ఎక్కింది. నా భార్య చీర మానేసి ప్యాంటు వేసుకుంది, మోకాళ్ళ నొప్పులతో అది కూడా సుఖంగా లేదంటూ గొణుక్కుంటూ వచ్చింది. గైడు ఈసారి ఒక పొడుగాటి కుర్రాడు. అవే మాటలు చెప్పాడు. గోడలు ముట్టుకోవద్దు, మన చేతి జిడ్డు ఒక్కసారి అంటితే చాలు. పాలమీగడ మడతల దగ్గరికొచ్చేసరికి నేనే ఆగాను. మా అమ్మాయి చెయ్యి తీసుకుని ఆ రాయి మీద పెట్టాను. "సర్!" అన్నాడు గైడు. నలుగురూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

అది చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "వద్దు డాడీ. ఇది ఇంకా బతికే ఉందిగా" అంది.

పెద్ద గదిలోకి వచ్చాం. అందరినీ గుండ్రంగా నిలబెట్టారు. నాకు కుడిపక్క మా అమ్మాయి, ఎడమపక్క నా భార్య. చలికి ఆమె నా చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని ఉంది. మీట చప్పుడైంది. చీకటి. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దన్నాడు.

మా అమ్మాయి గుసగుసగా, తెలుగులో అంది: "డాడీ, ఇప్పుడు నువ్వు కూడా నా మొహం చూడలేవు. ఇప్పుడు చెప్పు. నానమ్మది నీకు ఎప్పుడు తెలిసింది?"

నీటిచుక్కలు పడుతున్నాయి. నా ఎడమ చెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. ఇది అమ్మాయి ఒక్కదానికే వినబడేలా చెప్పడం కుదరదనీ తెలుసు. అయినా పదిహేడేళ్ళ పిల్ల నన్ను ఇంత దూరం, ఇంత చీకట్లోకి తీసుకొచ్చి అడిగింది. ఇంకోసారి అన్నం చల్లారిపోతోందని చెప్పలేను.

"పెళ్ళికి ముందే తెలుసు తల్లీ. ఆరు నెలల ముందు. మా ప్రొఫెసరు వద్దనే చెప్పారు" అన్నాను.

నా ఎడమ చెయ్యి మీద నుంచి ముందు ఒక చెయ్యి జారింది. తర్వాత రెండోది. ఆ చోట చలి తగిలింది.

అగ్గిపుల్ల గీశారు. కొవ్వొత్తి వెలిగింది. "ఆహ్" అన్నారందరూ. నేను ఎడమపక్కకి తిరిగాను. నా భార్య నన్నే చూస్తోంది. ఏడవడం లేదు. ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆ మొహం నాకు తెలుసు. కోపమొస్తే ఎలా ఉంటుందో, అలిగితే ఎలా ఉంటుందో అన్నీ తెలుసు. ఈ మొహం నాకు తెలియదు. పరాయివాణ్ని చూస్తున్నట్టు చూస్తోంది. "మావయ్యా" అనలేదు. "ఏమండీ" అని కూడా అనలేదు.

కుడిపక్క నుంచి మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది. కళ్ళు విప్పి, ఎటో చూస్తూ, "అమ్మ విందా? అమ్మ మొహం ఎలా ఉంది డాడీ?" అంది.

"ఇంకా దీపం వెలిగించలేదమ్మా" అన్నాను.

కాలిన అగ్గిపుల్ల వాసన మా ముగ్గురికీ వస్తూనే ఉంది.